గ్రీకులని ఎవరన్నారు

సోమయ్య కిరాణా కొట్టులో ఫోను మోగినప్పుడు నేను మేడ మీద రావణాసురుడి తలలు ఎండబెడుతున్నాను.

"ఆండాలమ్మా," అని కింది నుంచి కేకేశాడు సోమయ్య. "నీ నాటకం పాసయిందట. శనివారం నాడు నది అవతల పెద్ద హాల్ల ఆడాల్నట. ఎవరో సారు ఫోన్ల చెప్పిండు."

చేతిలో ఒక తల అట్లాగే ఉండగా మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తాను. కొత్త కోడలు రావణుడి తల చంకలో పెట్టుకుని గౌలిపుర గల్లీలో ఉరకడం చూసి మా అత్తగారు సుశీలమ్మ బియ్యం చెరగడం ఆపి నవ్వుతూ కూర్చుంది.

"ఏమన్నడు సోమయ్యన్నా? ఇంకోసారి చెప్పు."

"అన్ని కాలేజీల నుంచి మస్తు నాటకాలు వచ్చినయట. ఏరిన వాటిల నీది ఉన్నదట. పాతబస్తీ నుంచి నీదొక్కటేనట. ఇగ మిఠాయి ఎప్పుడు?"

పెళ్ళయి ఇంకా రెండు నెలలు కాలేదు. చీరలు ఆరేసే తీగ మీదే గడ్డాలు, జడలు, హనుమంతుడి తోక వేలాడే ఇంటికి కోడలిగా వస్తున్నానని నాకు ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకా తొందరపెట్టేదాన్ని. మా మామగారు ఓదెలుకు శాలిబండలో నాటకాల డ్రెస్సుల కొట్టు ఉంది. కొట్టులో పట్టని సామాను ఇంటికి వస్తుంది. మా పడకగదిలో అటక మీద వరసగా కిరీటాలు ఉంటాయి. తెల్లవారి కిటికీలోంచి ఎండ పడగానే వాటి అద్దపు బిళ్ళలు గది నిండా చుక్కలు చల్లుతాయి. ఆ చుక్కల్లో ఒకటి మా ఆయన బాలకిషన్ ముక్కు మీద పడే వేళకు ఆయనకు మెలకువ వస్తుంది. నేను అంతకు ముందే లేచి దానికోసం చూస్తూ ఉంటాను.

ఆడపిల్లల జూనియర్ కాలేజీలో నేను చరిత్ర చెబుతాను. ఆ ఏడు మా పిల్లలతో ఆడించడానికి ఒక నాటిక రాసి కాలేజీల పోటీకి పంపాను. ఎంపికవుతుందని నిజంగా అనుకోలేదు. అందుకే ఆ మధ్యాహ్నం వార్త చెప్పడానికి కొట్టుకు వెళ్ళినప్పుడు నా కాళ్ళు నేల మీద లేవు. బాలకిషన్ కౌంటరు మీద భీముడి మీసాలు అతికిస్తున్నాడు. నన్ను చూడగానే లేచి, "బాపూ, జర దుకాణం చూడు. మేడంగారికి చాయ్ తాపిచ్చుకొస్త," అన్నాడు. అప్పటికే ఆయనకు తెలుసు.

ఇరానీ హోటల్లో ఒక చాయ్ ఇద్దరం తాగాం. ఆయనకు కప్పు, నాకు సాసరు. ఉస్మానియా బిస్కెట్టు సరిగ్గా సగానికి విరిచి పెద్ద ముక్క నాకిచ్చి, "సగం సగమే," అని అబద్ధం ఆడాడు. అట్లాంటి అబద్ధాలు విని విని నేను పెళ్ళయిన ఈ కొన్నాళ్ళలోనే కొంచెం లావయ్యాను.

"నీకు ఇంకోటి తెచ్చిన," అని జేబులోంచి కార్డు తీశాడు. "వైకుంఠం సారు పొద్దున కొట్టుకొచ్చి ఇచ్చిపోయిండు. ఆహ్వాన పత్రిక. నీ పేరు గూడ అచ్చయింది."

వైకుంఠం గారు పోటీ సంఘానికి కార్యదర్శి. కార్డు మీద నిజంగానే నా పేరు ఉంది. రచన, దర్శకత్వం: శ్రీమతి ఆండాలు. 'శ్రీమతి' అన్న మాట మీద వేలు పెట్టి ఒకసారి నిమిరాను. తరవాత పైన ఉన్న నాటిక పేరు చదివాను.

గ్రీకుల చక్రవర్తికి.

సాసరు బల్ల మీద పెట్టేశాను.

"ఏమయింది?" అన్నాడు బాలకిషన్.

"నేను పెట్టిన పేరు రోమన్ల చక్రవర్తికి."

"అవును. సారు చెప్పిండు. రోమన్లని పొరపాటున రాసినవట, సరిచేసిండట. లోపల గూడ రోమన్లని ఉన్నకాడల్ల గ్రీకులని మార్చుమన్నడు. డ్రెస్సులు గూడ గ్రీకుయే ఉండాలని బాపుకు చెప్పిపోయిండు." నా ముఖం చూసి ఆయన గొంతు తగ్గింది. "చిన్న ముచ్చటే గద ఆండాలు?"

చిన్న ముచ్చట కాదు. ఆ నాటిక మొత్తం ఆ ఒక్క తప్పు గురించే.

వెయ్యేళ్ళ కిందట కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో, ఒక చక్రవర్తి ఉండేవాడు. ఆయనా, ఆయన ప్రజలూ గ్రీకు మాట్లాడేవారు. పాటలు గ్రీకులో, ప్రార్థన గ్రీకులో, సంతలో బేరం గ్రీకులో. కానీ 'మీరెవరు' అని అడిగితే రాజు దగ్గర నుంచి రొట్టెలు కాల్చేవాడి దాకా ఒకటే జవాబు: మేం రోమన్లం. పాత రోము రాజ్యం తూర్పు దిక్కున తెగకుండా మిగిలింది వాళ్ళ దగ్గరే. చట్టం అదే, సింహాసనం అదే. పడమటి వాళ్ళకు ఇది గిట్టలేదు. తమ రాజునే రోమన్ చక్రవర్తి అని పిలుచుకోవాలని వాళ్ళ ఆశ. అందుకని ఒకసారి పోపుగారు పంపిన ఉత్తరంలో ఈయనను 'గ్రీకుల చక్రవర్తి' అని రాశారు. కాన్‌స్టాంటినోపుల్ ఆస్థానానికి ఒళ్ళు మండింది. ఉత్తరం తెచ్చిన దూతలను పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు.

నేను రాసింది ఆ రోజు కథ. నిజానికి అప్పుడు చక్రవర్తి ఊళ్ళో లేడు, యుద్ధానికి వెళ్ళాడు. నాటిక కోసం నేను ఆయనను సింహాసనం మీద కూర్చోబెట్టాను. వైకుంఠం గారు తప్పు పట్టదలచుకుంటే దాన్ని పట్టవచ్చు, నేను తల వంచేదాన్ని. దాన్ని వదిలేసి, పోపుగారు చేసిన తప్పునే మళ్ళీ చేసి, అచ్చు వేయించి, మా కొట్టుకు తెచ్చి ఇచ్చారు.

"సికందర్ పెట్టె తీసిపెట్టిండు బాపు," అన్నాడు బాలకిషన్ మెల్లగా.

మా కొట్టులో పెట్టెలకు దేశాల పేర్లు ఉండవు, నాటకాల పేర్లు ఉంటాయి. రాముడి పెట్టె, కృష్ణుడి పెట్టె, శివాజీ పెట్టె. బడిపిల్లలు అలెగ్జాండరు నాటకం వేస్తే ఇచ్చేది సికందర్ పెట్టె. అందులో ఉన్నవి గ్రీకు బట్టలు. ఈస్టరు ముందు చర్చిల్లో వేసే నాటకానికి సిపాయిల బట్టలున్నది ఏసయ్య పెట్టె. రోమన్ల శిరస్త్రాణాలు, ఎర్ర శాలువాలు అందులో ఉంటాయి. నాకు కావలసింది అది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మామగారిని అడిగాను.

"ఏసయ్య పెట్టెనా బిడ్డా? అది సంతోష్‌నగర్ చర్చికి పోయె. ఏటా గుడ్ ఫ్రైడేకు వాళ్ళకు మనమే ఇస్తం. మీ సారు గ్రీకుయని చెప్పిండు గదా అని దాన్ని పంపిన. సికందర్ డ్రెస్సులు దులిపి పెట్టిన. మస్తుగున్నయి, బంగారు రంగు గూడ కొత్తగ ఏసినం."

"వాళ్ళు గ్రీకులు కారు మామా."

"మాట్లాడేది ఏంది?"

"గ్రీకే."

"అయితే గ్రీకోళ్ళే గద."

"నువ్వు తెలుగు మాట్లాడుతవు. హైదరాబాదోడివి కావా మరి?"

మామగారు ముద్ద పళ్ళెంలోనే ఉంచి నా వంక చూశాడు. "గదేం మాట? మా తాత పుట్టింది ఈడ. నేను పుట్టింది ఈడ. నేను హైదరాబాదోడిని గాకుంటె ఇంకెవడు?"

"వాళ్ళ మాట గూడ గదే."

"ఎవలను వాళ్ళను అడిగితె సరిపోతది," అంది అత్తగారు పులుసు వడ్డిస్తూ. "మీరు గ్రీకోళ్ళా, రోమోళ్ళా అని."

"వాళ్ళ రాజ్యం పోయి ఐదు వందల ఏండ్లయింది అత్తమ్మా."

"అయ్యో. గిప్పుడు ఈ లొల్లి ఎవలి కోసం మరి?"

బాలకిషన్ నవ్వాడు. మామగారు నవ్వాడు. నేనూ నవ్వాను, అత్తగారి మాటకు ఎవరైనా నవ్వవలసిందే. కానీ అన్నంలో కోపం కలిపి తిన్నాను. అడిగితే చెప్పుకోవడానికి వాళ్ళు లేరు. నోరు లేని వాళ్ళ పేరు మార్చడం ఎంత సులువో.

మరునాడు కాలేజీలో పిల్లలకు చెప్పాను. చక్రవర్తి వేషం సక్కుబాయిది. గౌలిపురలోనే బర్రెల దొడ్డి ఉన్న వాళ్ళ అమ్మాయి. పొడుగ్గా ఉంటుంది. పొద్దున్నే బర్రెలను అదిలించిన గొంతు కాబట్టి మైకు అక్కర లేదు. పోటీలో ఎంపికయ్యామని విని పిల్లలంతా ఎగిరారు. మా కాలేజీ నుంచి అంతకు ముందు ఎవరూ నది దాటి వెళ్ళి ఆడలేదు. ఆ సంతోషం మీద నీళ్ళు చల్లడం ఇష్టం లేక, ఒకసారి వైకుంఠం గారు చెప్పినట్టే మార్చి చూద్దామన్నాను.

సక్కుబాయి కుర్చీ మీద కూర్చుంది. దూత వేషం అమ్మాయి ఉత్తరం విప్పి చదివింది. "గ్రీకుల చక్రవర్తికి."

సక్కుబాయి లేచి నిలబడింది. కళ్ళు ఎర్రజేసింది. "ఏమిటీ? నన్ను గ్రీకుల చక్రవర్తి అని పిలిచే ధైర్యం ఎవరికి? విను దూతా. నేను గ్రీకుల చక్రవర్తిని."

దూత ఫక్కుమంది. భటులు గోడకు ఆనుకుని నవ్వారు. సక్కుబాయి మాత్రం నవ్వలేదు.

"గిదేంది మేడం," అంది. "ఆయన పిలిచింది గదే, నేను అంటున్నది గదే. ఇగ జైల్ల ఎందుకు వెయ్యాలె? చాయ్ పొయ్యాలె."

అప్పుడు నాకు అర్థమైంది. వైకుంఠం గారు నాటిక చదవలేదు. పేరు చూశారు, అందులో ఉన్నది కాన్‌స్టాంటినోపుల్ అని చూశారు, దిద్దారు. ఎంపికైన సంతోషం సగం అక్కడే చచ్చిపోయింది. మిగిలిన సగం చేత పట్టుకుని ఆ సాయంత్రమే ఆయన ఆఫీసుకు వెళ్ళాను.

"రండమ్మా, రండి. అభినందనలు," అన్నారాయన. "మీ నాటిక ఎంపిక వెనక నా కృషి చాలా ఉంది. పాతబస్తీ నుంచి ఒకటైనా ఉండాలని పట్టుబట్టి పెట్టించాను."

"సార్, పేరు తప్పు అచ్చయింది."

"తప్పు మీరు రాశారమ్మా. నేను దిద్దాను. రోము ఇటలీలో ఉంది. అక్కడి వాళ్ళది లాటిను. మీ పాత్రలు గ్రీకు మాట్లాడతాయని మీరే రాశారు. న్యాయనిర్ణేతలు పెద్దవాళ్ళు. నవ్వుతారు."

"గ్రీకు మాట్లాడే వాళ్ళే, తమను రోమన్లని చెప్పుకున్నారు సార్. వాళ్ళను ఎరిగిన ఇరుగుపొరుగు కూడా అట్లాగే పిలిచారు. అరబ్బులకు, పారశీకులకు అది రూమ్. చార్మినార్ దగ్గర యునానీ దవాఖానా ఉంది, యునానీ అంటే గ్రీకు. మా కొట్టులో కుచ్చు వేలాడే ఎర్ర టోపీలు ఉన్నాయి, వాటిని రూమీ టోపీలు అంటాం. ఆ రూమ్ ఇటలీది కాదు. ఆ పేరు ఈ రాజ్యం నుంచి వచ్చిందే. ఈ ఊళ్ళో ఆ రెండు మాటలూ వేరువేరుగానే ఉన్నాయి."

ఆయన నవ్వారు. "టోపీలు చూసి చరిత్ర చెబుతారా అమ్మా? మీ అత్తవారి వ్యాపారం బాగా వంటబట్టినట్టుంది."

కొట్టును అన్నందుకు ఎక్కువ కోపం వచ్చిందా, చరిత్రను అన్నందుకా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను.

"పోనీ, మధ్యేమార్గం చెబుతాను," అన్నారాయన. "బైజాంటైన్ అని పెట్టండి. పుస్తకాల్లో ఉన్న మాటే."

"ఆ రాజ్యం పోయాక వందేళ్ళకు ఒక పండితుడు దానికి పెట్టిన పేరు అది. ఆ దేశంలో పుట్టి చచ్చిన వాళ్ళెవరూ ఆ పేరుతో తమను పిలవగా వినలేదు. ఇంతకూ సార్, గ్రీకులని మారిస్తే కథే నిలబడదు. చక్రవర్తికి కోపం ఎందుకొచ్చిందో చెప్పలేం."

"అయితే కోపం సీను తీసేయండి."

"మిగిలేది ఏమిటి సార్?"

"రాజసభ ఉంది కదా. ఒక నృత్యం పెట్టండి. ఆడపిల్లలు, బాగుంటుంది." ఆయన కలం మూత పెట్టారు. "చూడండమ్మా, కార్డులు పంచేశాం. మైకులో ప్రకటించేది కూడా నేనే. వేదిక మీద రోమన్లు అన్న మాట ఒక్కటి వినబడినా మీ నాటికను పోటీ నుంచి తీసేస్తాను. తరవాత నన్ను అనవద్దు."

బయటికి వచ్చి రిక్షా ఎక్కకుండా వంతెన దాకా నడిచాను. ఆ కోపంలోనూ ఒక మూర మల్లెలు కొన్నాను, మల్లెలు చేసిన తప్పేమీ లేదు. కానీ జడలో పెట్టుకోవడం మరిచిపోయి చేతిలో నలుపుతూ నడిచాను. ఇల్లు చేరేసరికి మల్లెలు వాడాయి, నేను వాడలేదు. ఎంత ఆలోచించినా దారి రెండే. పేరు మార్చుకుని ఆడితే నాటిక అబద్ధం. ఆడకపోతే పిల్లలకు హాలు లేదు. సక్కుబాయి ఇప్పటికే గల్లీ అంతా చెప్పుకుంది, వాళ్ళ నాయనకు కొత్త చొక్కా కూడా కుట్టిస్తున్నారు. నా పట్టుదలకు ఆ పిల్ల ఎందుకు ఇంట్లో కూర్చోవాలి?

ఇంట్లో ఆ రాత్రి బాలకిషన్ అటక మీంచి ఒక కిరీటం తీసి నా తలకు పెట్టి, "ఇప్పుడు చెప్పు, ఎవలను జైల్ల వెయ్యాలె?" అన్నాడు. నవ్వు రాలేదనుకున్నాను. వచ్చింది. కిరీటం జారి ఆయన ఒళ్ళో పడింది.

"నీకు అంత కోపం ఎందుకో నాకు జర జర సమజవుతున్నది," అన్నాడాయన. "మన దుకాణానికి వచ్చేటోళ్ళు గూడ నన్ను బట్టలోడు అంటరు. బాపు నారాజ్ అవుతడు. మేం బట్టలోళ్ళం గాదు, నాటకపోళ్ళం అంటడు. ఎవలు వింటరు?"

శుక్రవారం సాయంత్రం చర్చిలో నాటకం. అది అయిపోగానే ఏసయ్య పెట్టె వెనక్కి తెచ్చుకోవాలని మామగారు, బాలకిషన్ బయలుదేరుతుంటే నేనూ వస్తానన్నాను. శిరస్త్రాణాలు ఎట్లా కట్టుకుంటారో చూపిద్దామని సక్కుబాయిని కూడా పిలిచాను. ఏం చూపించి ఏం లాభమో అప్పటికి నాకే తెలియదు.

చర్చి ఆవరణలో చాపలు పరిచారు. ఆడవాళ్ళ వైపు మాకు చోటిచ్చిన ఆవిడ పేరు రాజమణి. ఆమె భర్త బాబురావు ఫౌండ్రీలో పనిచేస్తాడు, ఏటా రోమన్ అధికారి వేషం ఆయనదే. తెర ఇంకా లేవలేదు. చర్చి పెద్ద మైకు దగ్గరికి వచ్చి వేషధారుల పేర్లు చదవసాగాడు.

"రోమా జవానుగా, మన బాబురావు."

తెర పక్కనుంచి ఎర్ర కుచ్చు శిరస్త్రాణం ఒకటి బయటికి వచ్చింది. దాని కింద మా కొట్టు మీసాలు, వాటి వెనక బాబురావు.

"జవాను గాదు," అన్నాడు. "శతాధిపతి. నూరు మంది మీద పెద్ద. మళ్ళ చదువు."

జనం గొల్లుమన్నారు. చర్చి పెద్ద గొంతు సవరించుకున్నాడు. "సరే బాబురావ్ భాయ్, పొద్దుపోతున్నది."

"పోనీ. సరిగ్గ పిలిస్తె వస్త. లేకుంటె మీరే చేసుకోన్రి నాటకం."

"శతాధిపతిగా బాబురావు."

చప్పట్లు. శిరస్త్రాణం లోపలికి వెళ్ళింది.

"ఏటా గిదే లొల్లి," అంది రాజమణి నా చెవిలో, గర్వం దాచుకోకుండా. "మొదట్ల ఒకసారి మైకుల పొరపాటున జవానన్నరు. ఈయన కదల్లే, తెర లేవలే. అప్పటి నుంచి వాళ్ళు తప్పు చదవకుంటె గూడ జనం ఊకోరు. సగం మంది దీనికే ముందుగాల వచ్చి కూసుంటరు."

తెర లేచింది. నవ్విన వాళ్ళే కాసేపటికి కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. సిలువ దగ్గర శతాధిపతి చెప్పే 'నిజంగా ఈయన దేవుని కుమారుడు' అన్న మాట బాబురావు చెబుతుంటే ఆవరణలో దగ్గు కూడా వినబడలేదు. పిలుపు దగ్గర నవ్వినందువల్లేమో, ఆ మాట చెబుతున్నవాడు ఎవరో అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు.

నేను మాత్రం కొంతసేపు నాటకం చూడలేదు. సక్కుబాయి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్లకు నొప్పి పుట్టి, "మేడం, నా వేళ్ళు," అని విడిపించుకుంది.

నాటకం అయ్యాక, మామగారు శాలువాలు మడత పెడుతుంటే, బాబురావు మీసం ఊడబెరుక్కుంటుంటే, నేను పెట్టె అంచు మీద కూర్చుని చెప్పాను.

"మామా, ఈ పెట్టె కొట్టుకు పోదు. రేపు నది అవతలకు పోతది. సికందర్ పెట్టె ఇంట్లనే ఉండనీ."

"మరి మీ సారు?"

"మా సారు మైకుల చదువుతడు. చదవనీ. 'ఇప్పుడు గ్రీకుల చక్రవర్తికి' అంటడు. నా నాటికల మొదటి మాట గదే కద, దూత చదివేది. రేపు దూత వేషం ఆయనదే."

బాలకిషన్ ముందుగా అర్థం చేసుకున్నాడు. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు.

"సక్కుబాయీ, ఆయన ఆ మాట అనంగనే తెర లేవదు. నువ్వు లోపలి నుంచి అడుగుతవు. గ్రీకులని ఎవరన్నారు అని. బర్రెలను పిలిచినట్టు, చివరి వరస దాక వినబడాలె. ఆయన మళ్ళ చదువుతడు, నువ్వు మళ్ళ అడుగుతవు. హాలుకు మొత్తం సమజ్ అయినంక అప్పుడు తెర లేస్తది. ఇగ నేను రాసినట్టే, రోమన్లమనే ఆడుతం."

"తీసేస్తరు గద మేడం? పోటీల నుంచి?"

"తీసేస్తరు. బహుమతి రాదు. వచ్చే ఏడు మన కాలేజీని పిలవకపోవచ్చు గూడ. అందుకే అడుగుతున్న. మీకు వద్దంటే ఇప్పుడే చెప్పు, నేను పోయి మేం ఆడటం లేదని చెప్పొస్త. నృత్యం మాత్రం పెట్టను. మిగిలిన పిల్లలను గూడ పొద్దున అడగాలె. ఒక్కరు కాదన్నా పోము."

సక్కుబాయి పెట్టెలోంచి ఒక శిరస్త్రాణం తీసి తలకు పెట్టుకుంది. అది చెవుల మీదికి జారింది. లోపల గుడ్డ మడిచి పెడుతూ, "నేనైతే గ్రీకోడినని చెప్ప," అంది. "వాళ్ళను నేను అడుగుత మేడం. మీరు అడిగితె భయానికి సరే అంటరు."

"తీసేస్తమని ఆయన మైకుల చెప్పేదాక నాటకం నడుస్తనే ఉంటది," అన్నాడు బాబురావు, సగం మీసంతో. "మధ్యల ఆపాలంటె స్టేజీ ఎక్కాలె. ఎక్కితే ఆయన గూడ వేషంలనే ఉన్నట్టు. నేను వస్త రేపు. ముందు వరసల కూసుంట."

"తెర గుంజేటోడు వాళ్ళ మనిషైతే?" అన్నాడు మామగారు. ఆయన ఎప్పుడూ పనికొచ్చే ప్రశ్నే అడుగుతాడు.

"తాడు నేను పట్టుకుంట బాపూ," అన్నాడు బాలకిషన్. "డ్రెస్సులోళ్ళను లోపలికి రానియ్యక తప్పదు."

"డ్రెస్సులోళ్ళం గాదు," అన్నాడు మామగారు, శాలువా మడత మీద కళ్ళు తీయకుండా.

పెట్టెకు తాళం వేసి రిక్షాలో పెట్టాం. సక్కుబాయిని వాళ్ళింటి ముందు దించుతూ మళ్ళీ ఒకసారి చెప్పాను. పొద్దున పిల్లలను కలిసి జవాబు తెచ్చేది తను. అందరూ సరేనంటే మధ్యాహ్నం భోజనాలు కాగానే మా ఇంటి దగ్గర వేషాలు కట్టడం, అత్తగారు కుచ్చులకు మంచి ఎర్ర దారం తీసి పెడుతుంది. మూడింటికి రిక్షాల్లో నది దాటుతాం, పెట్టె ముందు రిక్షాలో, పిల్లలు వెనక. ఆరింటికి వైకుంఠం గారు మైకు ముందుకు వస్తారు.